దోర్నకల్ అజరయ్య గారు: బాప్తిస్మము తరువాత ఏమి?



సువార్త ప్రకటన పాస్టరుగారి పని అనియు, బాప్తిస్మముతో మన పని ముగిసినదనియు, శిష్యత్వము భక్తిగల కొందరికే చెందినదనియు మనలో అనేకులు తలంచుచున్నారు. అయితే మత్తయి సువార్త 28వ అధ్యాయము చివర ప్రభువిచ్చిన ఆజ్ఞలో ఇవి మూడును ఒకే త్రాటి పేటలు. ఒక పేట తెగినచో త్రాడు నిలువదు. ఈ సంగతిని మన ప్రాంతములోనే జీవించి చూపినవారు బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు.

ఆయన 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి సీమలోని వెల్లాలన్‌విలై గ్రామములో, ఒక గురువుగారి యింట జన్మించెను. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, వై.ఎం.సి.ఎ. సేవలో దేశమంతట తిరిగెను. భారతీయులే భారతీయులకు సువార్త అందింపవలెనని 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపనకు తోడ్పడెను. ఆ సంఘము నైజాం రాజ్యములోని దోర్నకల్‌ను సేవాస్థలముగా ఎన్నుకొనెను. ఇతరులను పంపి తాను ఊరకుండుట తగదని, పేరున్న ఉద్యోగమును విడిచి 1909లో తానే దోర్నకల్ వచ్చెను. తమిళుడైనను తెలుగు నేర్చుకొని, పల్లెపల్లెకు తిరిగెను. 1910లో ఎడిన్‌బరో మహాసభలో నిలువబడి, విదేశీ మిషనరీలు భారతీయులను పనివారుగా కాక స్నేహితులుగా చూడవలెనని అడిగెను. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకము పొందెను. ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు ఆయనే.

ఆయన యొద్దకు వచ్చినవారిలో అత్యధికులు ఊరి వెలుపల ఉంచబడిన మాల, మాదిగ కుటుంబములవారు. వారిని చేర్చుకొని లెక్క వ్రాసికొనుటతో ఆయన తృప్తిపడలేదు. క్రొత్తగా బాప్తిస్మము పొందినవారిచేత తమ తలపై చేయి పెట్టించి, సువార్త చెప్పకపోయినచో తమకు శ్రమయని పౌలువలె ఒప్పుకొనజేసెడివాడు. చదువురాని కూలివాడును ఆనాడే సాక్షియగుచుండెను. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగు శత్రువులతో పోరాడుమని బోధించెను. పేదలైనను దేవునికి ఇచ్చుట నేర్పెను. కులభేదము విడిచి ఒకే బల్లయొద్ద కూర్చుండవలెనని పట్టుపట్టెను.

ఫలమేమి? త్రాగుడు మానిన ఇంటిని, శుభ్రమైన వాకిలిని, పిల్లలను బడికి పంపు తల్లిని ఊరివారు చూచిరి. ప్రసంగము వినని ఇతర కులములవారు సహితము ఆ మార్పును చూచి ప్రభువును వెదకిరి. శిష్యత్వమే మరల సువార్త ప్రకటన ఆయెను. ఆయన కాలములోనే ఆ అధ్యక్షమండలములోని విశ్వాసుల సంఖ్య 2 లక్షలు దాటెను.

1930ల దశకములో గాంధీగారు మతమార్పిడులను బహిరంగముగా విమర్శించిరి. పేదలకును తమ ఆత్మ విషయమై స్వయముగా నిర్ణయించుకొను హక్కు కలదని అజరయ్య గారు నమ్మెను. అయితే వాదముకంటె మారిన బ్రదుకే బలమైన జవాబు.

1939 జనవరి 6న దోర్నకల్ ఎపిఫనీ దేవాలయము ప్రతిష్ఠింపబడెను. 1945 జనవరి 1న ఆయన ప్రభునందు నిద్రించెను. ఆయన ఆశించిన సంఘైక్యము 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘముగా రూపుదాల్చెను.

ప్రియులారా, మన పెనుబల్లి ప్రాంతములో బాప్తిస్మపు రిజిస్టరులో పేరున్న ప్రతి ఇంటివారు తమ్మును ప్రశ్నించుకొందురుగాక. మన పొరుగువారు మన ఇంట ఏమి మార్పు చూచిరి? కూలి డబ్బు ఎక్కడికి పోవుచున్నది? పొలము గట్టుమీద ప్రభువును గూర్చి మనమెప్పుడైన మాటలాడితిమా? పేరు వ్రాయించుకొనుట ఒక దినపు పని. శిష్యుడుగా నడచుట జీవితకాలపు పని.

ఈ మాసము ప్రతి కుటుంబమును 1 కొరింథీయులకు 9వ అధ్యాయమును కలిసి చదివి ప్రార్థించుకొనుడి. ప్రభువు మనలను నిజమైన శిష్యులుగా చేయునుగాక. ఆమేన్.