జకార్తాలో రహీం సాబ్ ఆఖరి పాఠం

1962 సెప్టెంబరు 4. జకార్తాలోని సేనాయన్ స్టేడియంలో ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్. దాదాపు లక్షమంది ప్రేక్షకులు భారత జట్టును గేలి చేస్తున్నారు. ప్రత్యర్థి దక్షిణ కొరియా. ఆతిథ్య దేశమైన ఇండోనేషియా ఫైనల్లో లేనే లేదు. అయినా స్టేడియం కోపమంతా మనవాళ్ల మీదే. ఆ హోరు మధ్య జట్టును నడిపిస్తున్న కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్నారు.

రహీం 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివి, నగరంలోని బడుల్లో పాఠాలు చెప్పారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. చనిపోయేదాకా ఆ బాధ్యతలోనే ఉన్నారు. ఆయన శిక్షణలో సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది.

మైదానంలోనూ ఆయన పంతులే. బంతిని కాలి దగ్గర అట్టేపెట్టుకోకుండా వెంటనే సహచరుడికి అందించాలనేవారు. కుడికాలి వాటం ఉన్నవాళ్లకు ఎడమకాలు అలవాటయ్యేలా, వాటం లేని కాలితోనే ఆడే పోటీలు పెట్టేవారు. సికింద్రాబాద్ పేద కుటుంబం నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం దగ్గర శిక్షణకు వచ్చేందుకు బస్సు ఖర్చులు లేకపోతే, అద్దె సైకిల్‌కు తన జేబులోంచే డబ్బు ఇచ్చారు.

1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి ఆయన జట్టు స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో, చాలామంది బూట్లు లేకుండానే ఆడిన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయింది. ఆ దెబ్బ తర్వాతే బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, ఒలింపిక్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టుగా భారత్ నిలిచింది. చివరికి నాలుగో స్థానం దక్కింది.

ఇక జకార్తా. కొత్తగా స్వతంత్రమైన ఇండోనేషియాను ప్రపంచానికి చూపించే వేదికగా సుకర్ణో ఈ క్రీడలను భావించారు. సోవియట్ సాయంతో భారీ స్టేడియం కట్టించారు. కానీ అరబ్ దేశాలనూ చైనానూ నొప్పించకూడదని ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను రానివ్వలేదు. అలాంటప్పుడు వీటిని ఆసియా క్రీడలని ఎలా అంటారని భారత ప్రతినిధి జి.డి. సోంధి అభ్యంతరం తెలిపారు. దాంతో ఫైనల్‌కు ముందురోజు జనం భారత రాయబార కార్యాలయంపై దాడి చేశారు. అధికారుల గొడవకు మూల్యం చెల్లించాల్సింది ఆటగాళ్లయింది.

జట్టు పరిస్థితీ అంతంతే. తొలి మ్యాచ్‌లో ఇదే కొరియా చేతిలో 0-2తో ఓడింది. థాయ్‌లాండ్‌తో ఆటలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం అతన్ని పక్కన పెట్టలేదు. సెమీఫైనల్‌లోనూ ఫైనల్‌లోనూ ఫార్వర్డ్‌గా దింపారు. ఫైనల్ 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ, 20వ నిమిషంలో జర్నైల్ గోల్ కొట్టారు. కొరియా చివర్లో ఒకటి తిప్పికొట్టినా, 2-1తో స్వర్ణం మనదైంది. అంత వ్యతిరేకతలోనూ మనవాళ్ల కోసం చప్పట్లు కొట్టినవారిలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లున్నారు. హాకీ ఫైనల్లో మనపై గెలిచింది వాళ్లే.

క్రీడల్లో వివక్ష చూపినందుకు 1963 ఫిబ్రవరిలో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఇండోనేషియాను సస్పెండ్ చేసింది. అదే ఏడాది జూన్ 11న రహీం కన్నుమూశారు.

ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు మళ్లీ స్వర్ణం రాలేదు. 1970లో వచ్చిన కాంస్యమే చివరి పతకం. రహీం దగ్గర విదేశీ సౌకర్యాలేమీ లేవు. ఉన్నది పేటల్లోని పిల్లలను వెతికి పట్టుకునే ఓపిక, తప్పు నుంచి నేర్చుకునే అలవాటు. ఆయన తెచ్చిన పతకాలను గుర్తుంచుకున్నాం. ఆ పని పద్ధతిని మాత్రం ఎవరూ వ్యవస్థగా మార్చలేదు. మనం పోగొట్టుకున్నది అదే.