హెడ్ క్లర్కు గురజాడ – కన్యాశుల్కం సినిమా

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి రాయమని కార్యదర్శిగారు కోరారు. గురజాడ అప్పారావుగారిని ఎంచుకున్నాను. మహాకవిగా ఆయన్ని ఎరగనివారు లేరు. మన బాపతు ఉద్యోగి అని మాత్రం చాలామందికి తెలియదు. 1886లో ఆయన డిప్యూటీ కలెక్టరు ఆఫీసులో హెడ్ క్లర్కు.

1862 సెప్టెంబరు 21న యలమంచిలి ప్రాంతంలోని రాయవరంలో జన్మించారు. ఇప్పుడది అనకాపల్లి జిల్లా ఎస్. రాయవరం. పై చదువులు విజయనగరంలో సాగాయి. అక్కడ గిడుగు రామమూర్తిగారు సహాధ్యాయి. 1884లో పాతిక రూపాయల జీతంపై బడిపంతులుగా చేరి, తరువాత పైన చెప్పిన హెడ్ క్లర్కు పని చూసి, 1887లో నూరు రూపాయల జీతంపై మహారాజావారి కళాశాలలో అధ్యాపకులయ్యారు. ఆనంద గజపతి మహారాజు ఆస్థానంలో శాసన పరిశోధకులుగాను, 1897లో మహారాజు కాలధర్మం చెందాక వారి సోదరి రీవా మహారాణికి కార్యదర్శిగాను పనిచేశారు.

ఆ మహారాజు విశాఖ మండలంలో డబ్బు పుచ్చుకుని చేసిన బ్రాహ్మణ వివాహాల జాబితా ఒకటి తయారుచేయించారు. మూడేళ్లకు 1034 పెళ్లిళ్లు తేలాయి. పెళ్లికూతుళ్లలో అయిదేళ్లవారు 99 మంది, నాలుగేళ్లవారు 44, మూడేళ్లవారు 36, రెండేళ్లవారు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల వెల 350 నుంచి 400 రూపాయలు. గురజాడవారే నాటకం పీఠికలో ఈ అంకెలు ఇచ్చారు. సర్వీసంతా స్టేట్‌మెంట్లు కట్టినవాణ్ణి, చివరి కాలంలో ఇలాంటి అంకె ఉన్న స్టేట్‌మెంటు నేనెక్కడా చూడలేదు. జాబితా కూడా సంపూర్ణం కాదట!

ఇంత దుఃఖం చేతిలో ఉండి ఆయన రాసింది హాస్య నాటకం. 1892 ఆగస్టులో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది. అంతటితో తృప్తిపడక దాదాపు కొత్తగా తిరగరాసి 1909లో ఏడంకాల రెండో కూర్పు తెచ్చారు. ఇందులో పసిపిల్ల ఎవరూ చావదు. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి ముసలి లుబ్ధావధాన్లుకు అమ్మేస్తాడు! కొన్నవాడు, అమ్మినవాడు, మధ్యవర్తి, అందరూ నవ్వులపాలవుతారు.

1913లో పదవీ విరమణ చేశారు. మద్రాసు విశ్వవిద్యాలయం ఫెలోగా గౌరవించింది. మరుసటి ఏడాది అదే విశ్వవిద్యాలయంలో తెలుగు వ్యాసరచనకు గ్రాంథికమే ఉండాలన్న పక్షానికి ఎదురుగా అసమ్మతి పత్రం రాశారు. పైవారి అభిప్రాయం మీద వ్యతిరేకంగా నోటు పెట్టిన వారికి అదెంత పనో తెలుసు. ఆరోగ్యం ఏనాడూ గట్టిది కాదు. 1915 నవంబరు 30న, 53వ ఏట కన్నుమూశారు.

నలభై ఏళ్లకు, 1955లో, కన్యాశుల్కం సినిమాగా వచ్చింది. దేవదాసు తీసిన వినోదావారు నిర్మాతలు, పి. పుల్లయ్యగారు దర్శకులు, సంగీతం ఘంటసాల. గోవిందరాజుల సుబ్బారావు లుబ్ధావధాన్లు, సి.ఎస్.ఆర్. రామప్పంతులు, సావిత్రి మధురవాణి. వీరికి వంక పెట్టను. పాటలు ఈనాటికీ వింటాం. అయినా నాకు ఆ సినిమా ఆశాభంగమే. రాత్రంతా ఆడవలసిన నాటకాన్ని మూడు గంటలకు కుదించి, అందులో పాటలకు కూడా చోటిస్తే, కోతపడేది సంభాషణకే. కన్యాశుల్కానికి ప్రాణం సంభాషణే కదా. పాతాళభైరవి రామారావుగారు గిరీశం వేషంలో వస్తే జనానికి కథానాయకుడే కనిపించాడు గాని దగాకోరు కనిపించలేదు.

అన్నిటికన్నా నాకు నచ్చనిది పూర్ణమ్మ పాట. గేయం గురజాడవారిదే, గొప్పది. ముసలివాడికి కట్టబెట్టిన పిల్ల ప్రాణం తీసుకునే కథ. అయితే దాన్ని ఆయన ఈ నాటకంలో పెట్టలేదు, వేరే రాశారు. రెండూ కలిపితే నవ్వవలసిన చోట ఏడ్చి, మనసు తేలికపడి ఇంటికి పోతాం.

మా నాయనమ్మకు ఏడో ఏట పెళ్లి, మూడువందలకు. నా చిన్నతనంలో ఆ సినిమా మళ్లీ వచ్చినప్పుడు తీసుకువెళ్లాను. పూర్ణమ్మ పాటకు హాలంతా ముక్కులు చీదుతుంటే ఆవిడ కదలలేదు, మెదలలేదు. తరువాత నాటకం పుస్తకం తెచ్చి చదివి వినిపించాను. అగ్నిహోత్రావధాన్లు కూతురి సంబంధం సంగతి ఎత్తిన చోట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టి, వాళ్ల నాన్న పేరు ఎత్తి రెండు తిట్టి, ఇంకా చదవమంది. అంతకుముందు ఆయన్ని ఒక్క మాట అనగా మేమెవరం వినలేదు.

సినిమా చూసిన మిత్రులు నాటకం కూడా తెప్పించుకోండి. కొట్లో రెండో కూర్పు అని అడగండి. అక్షరాలు కళ్లకు ఆనకపోతే మనవల చేత పైకి చదివించుకోండి. అది చెవితో వినవలసిన తెలుగు.