అద్దె తుపాకుల నుంచి ఫిరంగుల కార్ఖానా దాకా
(మూసా రాం జీవిత కథ)



హైదరాబాద్ అంటే మనకు ముందు గుర్తుకొచ్చేది హైటెక్ సిటీ. అద్దాల మేడలు, కంప్యూటర్లు, పెద్ద జీతాలు. అక్కడి సైబర్ టవర్స్‌ను 1998 నవంబరులో ప్రారంభించారు. దానికి 200 ఏండ్ల ముందు, 1798లో, అదే నగరంలో ఒక మనిషి చనిపోయాడు. అప్పట్లో కొత్త విద్య అంటే కంప్యూటర్ కాదు. ఫిరంగులు పోత పోయడం, వాటికి తగిన మందు చూసుకోవడం. ఆ విద్యతో పేరు తెచ్చుకున్న ఆయన పేరు రేమండ్. ఆయనది మన దేశం కాదు, మన భాష కాదు. అయినా జనం ఆయన్ని మూసా రాం అని తమ మనిషి లాగా పిలుచుకున్నారు. దిల్‌సుఖ్‌నగర్ పక్కన మూసారాంబాగ్ ఉంది కదా, ఆ పేరు ఈయన వల్ల వచ్చిందే.

రేమండ్ 1755లో ఫ్రాన్స్ దేశంలో పుట్టాడు. వ్యాపారం చేసుకుందామని 1775లో ఓడ ఎక్కి పుదుచ్చేరి వచ్చాడు. అప్పటికి వయసు సుమారు ఇరవై ఏండ్లు. కాని వ్యాపారం వదిలి సైన్యంలో చేరాడు. కొంతకాలం మైసూరు హైదర్ అలీ కొలువులో పనిచేశాడు. తర్వాత ఫ్రెంచి సేనాపతి బుస్సీ దగ్గర ఉన్నాడు. 1785లో బుస్సీ చనిపోయాడు. ఆ తర్వాత రేమండ్ హైదరాబాద్ వచ్చి రెండో నిజాం అయిన నిజాం అలీ ఖాన్ కొలువులో చేరాడు.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. మొదట ఆయన కింద ఉన్నది 300 మంది సిపాయిలే. వాళ్ళకు సొంత తుపాకులు లేవు. ఒక ఫ్రెంచి వ్యాపారి దగ్గర తుపాకులు అద్దెకు తెచ్చాడు. ఒక్కో తుపాకికి నెలకు ఎనిమిది అణాలు అద్దె! మనం పెండ్లికి వంట గిన్నెలు అద్దెకు తెచ్చినట్టే అన్నమాట. గిన్నెలు అడిగితే తిరిగి ఇచ్చేయాలి. యుద్ధం మధ్యలో తుపాకి తిరిగి ఇమ్మంటే ఏం చేయాలి? అద్దె సరుకు మీద సైన్యం ఎక్కువ కాలం నిలబడదు.

అందుకే ఆయన హైదరాబాద్‌లోనే కార్ఖానా పెట్టించాడు. అక్కడ ఫిరంగులు, ఫిరంగి గుండ్లు పోత పోసేవారు. దాన్ని తోప్ కా సాంచా అన్నారు. తోప్ అంటే ఫిరంగి, సాంచా అంటే అచ్చు. ఇప్పుడు ఆ చోటుని గన్‌ఫౌండ్రీ అంటున్నారు. లాల్ బహదూర్ స్టేడియం దగ్గర, అబిడ్స్ పోయే దారిలో ఉంది.

ఫిరంగి ఒక్కటి ఉంటే సరిపోదు, మందు కావాలి. ఆ కాలంలో తుపాకి మందును సురేకారం, గంధకం, బొగ్గు కలిపి చేసేవారు. అన్నింటికీ ఒకే మందు పనికిరాదు, అదే ఈ విద్యలో కష్టం. పిస్తోలు గొట్టం చిన్నది. దానికి సన్న పలుకు మందు పోసేవారు. సన్న పలుకు గబుక్కున కాలిపోతుంది. ఫిరంగికి పెద్ద పలుకు మందు కావాలి. అది కొంచెం నిదానంగా కాలి, బరువైన గుండును నెట్టుకుంటూ పోతుంది. ఫిరంగిలో సన్న మందు దట్టిస్తే గొట్టం పగిలి పక్కన ఉన్నవాళ్ళే చనిపోవచ్చు. పెద్ద పలుకు మందు పిస్తోలులో పోస్తే దెబ్బకు బలం ఉండదు. ఇంకొక కష్టం వాన. సురేకారంలో మలినం ఉంటే మందు చెమ్మ పీల్చుకుంటుంది. చెమ్మ తగిలిన మందు బుస్సుమని పొగ వదిలి ఊరుకుంటుంది. మన గూడేల్లో భర్మార్ తుపాకి ఉన్న పెద్దోళ్ళు మందును తడవకుండా ఎంత జాగ్రత్తగా దాచేవారో తాతలు చెబుతారు కదా. మరి వేల మంది సైన్యానికి సరిపడా మందు వానాకాలమంతా పొడిగా ఉంచాలంటే ఎంత పని! సురేకారం శుద్ధి చేసినవాళ్ళు, బొగ్గు నూరినవాళ్ళు, పోత పోసినవాళ్ళు అందరూ ప్రాణానికి తెగించి చేసిన పని అది. ఒక్క నిప్పురవ్వ పడితే చాలు, అంతా అయిపోతుంది.

1795 మార్చిలో ఖర్దా దగ్గర మరాఠాలతో నిజాంకు యుద్ధం జరిగింది. రేమండ్ పటాలాలు గట్టిగా నిలబడ్డాయి. కాని రాత్రికి రాత్రి నిజాం వెనక్కి తగ్గి ఖర్దా కోటలో దాక్కున్నాడు. పటాలాలు కూడా వెనక్కి రావలసి వచ్చింది. నిజాం ఓడిపోయాడు. తుపాకీ, మందూ రెండూ బాగున్నా, నడిపించే మనసు బెదిరితే గెలుపు రాదని దీన్నిబట్టి తెలుస్తుంది. అదే ఏడు నిజాం కొడుకు ఆలీ జా తండ్రి మీద తిరగబడ్డాడు. రేమండే పోయి అతన్ని పట్టుకున్నాడు. అప్పటి నుంచి నిజాంకు ఆయన మీద నమ్మకం ఇంకా పెరిగింది. 300 మందితో మొదలైన సైన్యం 14,000 దాకా పెరిగింది. ఇంగ్లీషువాళ్ళకు ఇది కంటిలో నలుసు అయింది. హైదరాబాద్ నడిబొడ్డున ఫ్రెంచి సైన్యం ఉంటే తమకు ముప్పు అని భయపడ్డారు.

1798 మార్చి 25న రేమండ్ చనిపోయాడు. వయసు 42 ఏండ్లే. ఎవరో విషం పెట్టారని కొందరు అన్నారు, తానే తాగాడని కొందరు అన్నారు. ఏదీ రుజువు కాలేదు.

తర్వాత జరిగింది చదివితే మనసు కలుక్కుమంటుంది. ఆయన స్థానంలో పిరాన్ అనే ఆయన వచ్చాడు. సెప్టెంబరు 1న నిజాం ఇంగ్లీషువాళ్ళతో ఒప్పందం చేసుకున్నాడు. ఫ్రెంచి సైన్యాన్ని తీసేయడానికి ఒప్పుకున్నాడు. జీతాలు అందక సిపాయిలు తమ అధికారుల మీదనే తిరగబడ్డారు. అక్టోబరు 22న ఇంగ్లీషు సైన్యం వాళ్ళ మకాంను చుట్టుముట్టింది. వేల మంది సిపాయిలు ఆయుధాలు కింద పెట్టి వెళ్ళిపోయారు. రక్తం చుక్క కూడా కారలేదు. అన్ని ఫిరంగులు, అంత మందు ఉండి కూడా పనికి రాలేదు. ఆయన పోయి ఏడు నెలలు కూడా నిండలేదు. అప్పటి నుంచి నిజాం తన రాజ్యం కాపలాకు ఇంగ్లీషు సైన్యం మీద ఆధారపడ్డాడు. ఆ ఖర్చు కూడా తనే భరించాడు. అంటే ఎనిమిది అణాల అద్దె తుపాకులతో మొదలైన కథ మళ్ళీ అద్దె సైన్యం దగ్గరికే వచ్చింది.

రేమండ్ సమాధి ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది. ఏడు మీటర్ల ఎత్తు రాతి స్తంభం, దాని మీద జే, ఆర్ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు. చాలా ఏండ్లు జనం ఆయన వర్ధంతికి అక్కడికి పోయి దీపాలు పెట్టేవారు. హిందువులు మూసా రాం అన్నారు, ముస్లింలు మూసా రహీం అన్నారు. 2001 వానలకు అక్కడి మండపం కూలిపోతే మళ్ళీ కట్టించారు. కాని బొగ్గు నూరినవాళ్ళ పేర్లు, ఫిరంగులు పోసినవాళ్ళ పేర్లు ఆ స్తంభం మీద లేవు.

ఆయన జీవితం నుంచి మనం నేర్చుకోవలసినది రెండు మాటల్లో రాస్తాను. ఒకటి, అద్దెకు తెచ్చుకున్నది ఎప్పటికైనా పోతుంది, చేతితో చేయడం నేర్చుకున్నదే మనది. రెండు, ఆ బలమంతా ఒక్క మనిషి మీదనే నిలబడితే, ఆ మనిషితో పాటే పోతుంది. మన గూడెంలో చెట్ల మందు తెలిసిన అవ్వ ఒక్కతే ఉంటే, ఆమె పోయాక మనకు దిక్కెవరు? మనలో ఎవరైనా రేపు చదువుకుని ఆ హైటెక్ సిటీకి పోతే, నేర్చుకున్నది వెనక వచ్చే పది మంది చెల్లెళ్ళకు చెప్పాలి. ఒక్కరి దగ్గర ఉన్న విద్య ఒకే గదిలో దాచిన మందు లాంటిది. ఒక్క వానకు తడిసిపోతుంది.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని, 9వ తరగతి