అలసట యెఱుగని అంచె: జగదీశచంద్ర బోసుగారి జీవితము

పూర్వము మన దేశమున టపా అంచెలమీద నడచెడిది. ఒక అంచెవాడు సంచిని భుజమున వైచికొని కొన్ని మైళ్లు పరుగెత్తి రెండవవాని కందిచ్చును. అతడు మూడవవాని కందిచ్చును. మొదటివాడెంత బలశాలియైనను, కడపటివాడెంత వేగవంతుడైనను, నడుమ నొక్కడు అలసి కూలబడినచో జాబు చేరదు. తీగలేని తంతికిని ఇదియే న్యాయము. నేడు నర్సీపట్టణము చెంత రోలుగుంటలో నొక రైతు చేతిఫోనుతో అనకాపల్లి బెల్లపు ధర విచారించినచో ఆ మాట ఒక్క గంతున పోవుట లేదు. సమీపమునందలి గోపురము దాని నందుకొని, వేఱొక గోపురమునకో, నేలలోని గాజుతీగకో అందిచ్చుచున్నది. కొండ యడ్డమైనచోట, అందుకొను యంత్రము తప్పినచోట, మాట నడుమనే తెగిపోవును.

పంపుట యొక యెత్తు, నమ్మకముగా అందుకొనుట యొక యెత్తు. ఈ రెండవదానికై తొలినాళ్లలో శ్రమించినవారిలో జగదీశచంద్ర బోసుగారు ముఖ్యులు. చెట్లకును చలనము కలదని చూపిన మహనీయునిగా మనవారు వారి నెఱుగుదురు. ఆ వృక్షశాస్త్రమునకు దారి చూపినది అలసిన యొక తంతి యంత్రమే యను సంగతి యెఱిగినవారు కొలదిమంది.

బోసుగారు 1858 నవంబరు 30వ తేదీన వంగదేశమున జన్మించిరి. తండ్రి భగవాన్ చంద్రబోసుగారు సర్కారు కొలువున డిప్యూటీ మేజిస్ట్రేటు. ఆంగ్ల పాఠశాలలకై అందఱును ఎగబడుచున్న ఆ దినములలో ఆయన కుమారుని మాతృభాషా పాఠశాలకే పంపెను. అచ్చట జాలరి బిడ్డలతోను, బంట్రోతు బిడ్డలతోను కలసి కూర్చుండి బాలుడు చదువుకొనెను. పిమ్మట కలకత్తాలో సెయింటు జేవియరు కళాశాలలోను, ఇంగ్లండులో కేంబ్రిడ్జిలోను విద్య ముగించి, రాలే ప్రభువువంటి భౌతికశాస్త్రవేత్తకు శిష్యుడై, 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రోపాధ్యాయ పదవిని స్వీకరించెను.

అచ్చట నొక యవమానము కాచికొనియుండెను. ఒకే పనికి దొరలకొక జీతము, భారతీయునకు దానిలో మూడింట రెండు పాళ్లు. తాత్కాలికోద్యోగి యగుటచే అందులోను సగమే. బోసుగారు తగవుపడలేదు, పని మానలేదు. జీతమును మాత్రము ముట్టక మూడేండ్లు పాఠములు చెప్పిరి. ఇంట తండ్రి అప్పులు పెరుగుచున్నను చేయి చాపలేదు. తుదకు ప్రభుత్వమే తలయొగ్గి మొదటినుండి పూర్తి జీతము లెక్కగట్టి యిచ్చెను. ఆ సొమ్ము తండ్రి ఋణము తీర్చుటకు వినియోగమయ్యెను.

1894లో తమ 36వ జన్మదినమున ఇక పరిశోధనకే జీవితము నర్పింతునని బోసుగారు సంకల్పించుకొనిరి. ప్రయోగశాల యన నొక యిఱుకుగది. సహాయకుడన నొక తగరపు పనివాడు. జర్మను శాస్త్రజ్ఞుడు హెర్ట్‌జ్ కనుగొన్న విద్యుత్తరంగములు మిక్కిలి పొడవైనవి. బోసుగారు కొలది మిల్లీమీటర్ల పొడవుగల తరంగములను పుట్టించి, అవియు వెలుతురువలెనే వంగుననియు, ప్రతిఫలించుననియు చూపిరి. ఈ తరంగముల పరీక్షలలో మెలిపెట్టిన జనపనారయు, పుటల నడుమ తగరపు రేకులు పెట్టిన రైలు కాలపట్టిక పుస్తకమును వారికి పరికరము లయ్యెను. 1895లో కలకత్తాలో బంగాళా లెఫ్టినెంటు గవర్నరు సమక్షమున, తరంగము 75 అడుగుల దూరము గోడలు దాటి పోయి గంట మ్రోగించి, తుపాకి మందును ప్రేల్చెను.

అయినను అందుకొను సాధనము వారికి తృప్తి నీయలేదు. ఆ కాలమున వాడుకలో నున్నది కోహీరరు, అనగా లోహపు పొడి నింపిన గాజుగొట్టము. తరంగము సోకగానే పొడి రేణువు లొండొంటి నంటుకొని విద్యుత్తునకు దారి యిచ్చును. కాని యొకసారి అంటుకొన్నవి మరల విడిపోవు. గొట్టమును చిన్న సుత్తితో తట్టినగాని అది రెండవ సంకేతమును వినజాలదు. ఒకప్పుడు మిక్కిలి చుఱుకుగ నుండును, మరియొకప్పుడు మొద్దుబారును. బోసుగారు పొడికి మారుగా ఉక్కు చుట్టలు వాడిరి. అవి తుప్పుపట్టకుండ కోబాల్టు పూత పూసిరి. ఒత్తిడిని కావలసినట్లు సవరించుకొను వీలు కల్పించిరి. అటుపై 1899లో లండను రాయల్ సొసైటీకి సమర్పించిన వ్యాసమున, పాదరసముపై పలుచని నూనెపొర నిలిపి దానిని ఇనుము తాకునట్లు చేసిన గ్రాహకమును వర్ణించిరి. దీనిని తట్టవలసిన పనిలేదు. ఒక సంకేతము వినిన పిదప తనంతట తానే తేరుకొని రెండవదానికి సిద్ధమగును.

1901 డిసెంబరులో మార్కోనీగారు అట్లాంటికు సముద్రము మీదుగా వార్త అందుకొన్నప్పుడు చెవియొగ్గినది ఇటువంటి పాదరస గ్రాహకముతోనే. అది ఇటలీ నౌకాదళము ద్వారా వారికి చేరినది. దాని మూలము బోసుగారి వ్యాసమేయని 1998లో అమెరికాలోని విద్యుదింజనీర్ల సంఘపు పత్రికలో ప్రమాణపూర్వకముగ వాదింపబడెను. మార్కోనీగారి సాహసమును తగ్గించుట మా యుద్దేశము కాదు. వారు కోరినది వార్త. బోసుగారు కోరినది ప్రకృతి రహస్యము. గొప్ప ధనమునకు కొనవచ్చిన వ్యాపారికి బోసుగారు తమ సాధనము నమ్మలేదు. మిత్రుల బలవంతమున గాలెనా స్ఫటిక గ్రాహకమునకు 1904లో అమెరికా పేటెంటు లభించినను దానిని ధనార్జనకు వాడక కాలదోషము పట్టనిచ్చిరి.

ఇంతలో వారి దృష్టి యొక వింతపై నిలిచెను. ఎడతెగక పనిచేసిన గ్రాహకము మందగించుచుండెను; కొంత విశ్రాంతి నిచ్చినచో మరల చుఱుకుదనము పొందుచుండెను. లోహమునకును అలసట కలదా? ఈ ప్రశ్నయే వారిని 1900లో పారిసు శాస్త్రసభకును, అటునుండి వృక్షముల నాడి పరీక్షకును కొనిపోయెను. 1917 నవంబరు 30న, తమ జన్మదినముననే, కలకత్తాలో బోసు విజ్ఞానమందిరమును స్థాపించిరి. 1920లో రాయల్ సొసైటీ సభ్యత్వము లభించెను. 1937 నవంబరు 23న గిరిడిలో కీర్తిశేషులైరి.

ఈ జీవితమున మనలను నొప్పించు నొక సంగతి కలదు. బోసుగారు సంచి మోసికొని తమ అంచె చివఱకు వచ్చి నిలిచిరి. అందుకొను రెండవ అంచెవాడు స్వదేశమున లేకపోయెను. ఆ విద్యను వస్తువుగా మార్చు కర్మాగారము లేదు, ధనికుని యండ లేదు. సంచి పరదేశమునకు పోయెను. కాలక్రమమున శిశిరకుమార మిత్రగారు కలకత్తాలోను, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు భౌతికశాస్త్రజ్ఞులు వాల్తేరులోను, దూరతరంగములను త్రిప్పి పంపెడి అయనోమండలమును పరిశోధించి ఆ దారిని తిరిగి త్రొక్కిరి. కాని నడుమ పోయిన కాలము పోయినదే.

నేటి యంత్రములు బోసుగారు పుట్టించిన ఆ మిల్లీమీటరు తరంగములనే వార్తకు వాడ నారంభించినవి. వానికి వేగమధికము, దూరము స్వల్పము. గోడయు, ఆకును, వానయు అడ్డే. కావున అంచెలు దగ్గఱ దగ్గఱగ నుండవలెను. ప్రతి అంచెయు విన్నదానిని తప్పులతో సహా పెద్దగొంతున చాటక, శుద్ధి చేసి పంపవలెను; చేరినదని వెనుకకు తెలుపవలెను; చేరకున్న మరల పంపవలెను; పంపిన వెంటనే తదుపరి మాటకు సిద్ధముగ నుండవలెను. ఈ కడపటి ధర్మమునే ఒక యిఱుకుగదిలో పాదరసపు చుక్కకు బోసుగారు నేర్పిరి.

యంత్రమునకు చెల్లిన ధర్మము జాతికిని చెల్లును. మన గ్రామములలో బుద్ధిమంతులగు బాలురకు కొదువ లేదు. వారందిచ్చు సంచిని అందుకొనుటకు పాఠశాలయు, ప్రయోగశాలయు, కర్మాగారమును వరుసగ నిలిచియున్నవా యనుటయే ప్రశ్న. సంపన్నులగు భూస్వాములును పట్టణవాసులును ఒక్కొక్క అంచె నిలుపుటకు పూనుకొందురుగాక.