గుండెకాయ లేని గరుడపక్షి – కుర్ట్ టాంక్

భద్రాచలం అడవి అంచు పల్లెల నుంచి ఖమ్మం చదువుకొచ్చిన మాబోటివాళ్లకు విమానమంటే ఆకాశంలో తెల్లని చారే. కుర్ట్ టాంక్ జీవితం చదివాకే దాని వెనకున్న శ్రమ నాకు బోధపడింది.

1898లో జన్మించిన ఈ జర్మన్ ఇంజనీరు విమానాలు రూపొందించడమే గాక, తానే నడిపి పరీక్షించేవారు. ఆయన కాండర్ విమానం 1938లో బెర్లిన్ నుంచి న్యూయార్కుకు ఎక్కడా ఆగకుండా చేరింది. అదే మేధస్సు ఎఫ్‌డబ్ల్యూ 190 రూపంలో హిట్లర్ యుద్ధానికీ ఊడిగం చేసిందన్నది మరువరాదు.

యుద్ధానంతరం అర్జెంటీనా వెళ్లి, 1956లో బెంగుళూరు హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్‌కు వచ్చారు. మన ఇంజనీర్లతో కలిసి రూపొందించిన ‘మారుత్’ 1961 జూన్ 17న తొలిసారి ఎగిరింది. మొత్తం 147 తయారయ్యాయి. 1971 యుద్ధంలో పాల్గొన్నాయి. కాని టాంక్ ఆశించిన బలమైన ఇంజను దొరకనే లేదు. బ్రిటన్‌లో దాని పని ఆగిపోతే, డబ్బు పెట్టేందుకు మన ప్రభుత్వమూ ముందుకు రాలేదు. టాంక్ 1967లో వెళ్లిపోయారు. ఇంజను శక్తి పెంచే ప్రయత్నంలో 1970లో టెస్ట్ పైలట్ సురంజన్ దాస్ బలయ్యారు. టాంక్ 1983లో కన్నుమూశారు.

రెక్కలు గీసే గురువును బయటి నుంచి తెచ్చుకోవచ్చు. గుండెకాయను అరువు తెచ్చుకుంటే ఎన్నాళ్లు? మన తేజస్ నేటికీ అమెరికా ఇంజనుతోనే ఎగురుతోంది. సోదర విద్యార్థులారా, ఆ పని మనకోసం ఇంకా మిగిలే ఉంది!