పేరు లేని పనివాడు

మా అన్నయ్య పట్నంలో ఒక చీరల దుకాణంలో పని చేస్తాడు. చీరలు చూపించే పని కాదు. ఆ దుకాణం సంచులూ, అట్టపెట్టెలూ, పేపర్లో వచ్చే ప్రకటనలూ అన్నీ అన్నయ్యే డిజైన్ చేస్తాడు. ఊళ్ళో ఎవరైనా పెద్దాడేం చేస్తున్నాడని అడిగితే మాత్రం నాన్న గుడ్డల కొట్లో ఉన్నాడని చెప్పి మాట మార్చేస్తాడు. సంచి మీద దుకాణం పేరుంటుంది గాని అన్నయ్య పేరుండదు కదా! అదే నాన్న బాధ.

పోయిన సెలవుల్లో అన్నయ్య గదిలో ఒక పుస్తకం తిరగేస్తుంటే ఆర్చిబాల్డ్ నాక్స్ అనే ఆయన సంగతి కనబడింది. నేను సైన్సు విద్యార్థిని, కళల గురించి నాకు తెలిసింది తక్కువ. అయినా ఆయన కథ మన సావనీరులో చెప్పాలనిపించింది. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

నాక్స్ 1864 ఏప్రిల్ 9న పుట్టాడు. ఇంగ్లండుకీ ఐర్లండుకీ నడుమ సముద్రంలో ఉన్న మాన్ ద్వీపం ఆయన సొంత ఊరు. ఆ ద్వీపంలో వెయ్యేళ్ళనాటి రాతి శిలువలున్నాయి. ఒక తాడు ఇంకో తాడు కింద నుంచి దూరి పైకొచ్చినట్టు వాటి మీద చెక్కడాలుంటాయి. మన మెలికల ముగ్గులు చూసినవాళ్ళకి ఆ అందం వేరే చెప్పక్కరలేదు. డగ్లస్ పట్టణంలోని కళాశాలలో చదువుకునే రోజుల్లోనే నాక్స్‌కి ఆ శిలువల మీద మనసు పడింది. తరువాత అక్కడే పాఠాలు చెప్పి, 1897 ప్రాంతంలో ఇంగ్లండు చేరాడు.

అప్పటికి లండన్ రీజెంట్ వీధిలో లిబర్టీ దుకాణం పేరు మోగిపోతోంది. ఆర్థర్ లేసెన్‌బీ లిబర్టీ 1875లో పెట్టిన కొట్టు అది. ఇండియా, జపాన్ వంటి తూర్పు దేశాల పట్టుబట్టలూ కళావస్తువులూ అమ్మి పైకొచ్చింది. 1899లో ఆ దుకాణం సిమ్రిక్ అనే పేరుతో వెండి సామాను తెచ్చింది. కొద్ది కాలానికే ట్యూడ్రిక్ పేరుతో ప్యూటర్ సామాను వచ్చింది. ప్యూటర్ అంటే ముఖ్యంగా తగరం, కాస్త ఆంటిమొని, రాగి కలిపిన లోహం. తక్కువ వేడికే కరుగుతుంది, అచ్చుల్లో పోయడం సులువు, వెండి కంటే చవక. అందుకే మధ్యతరగతి ఇళ్ళకి కూడా అందమైన గడియారం, టీ పాత్ర అందాయి. ఈ రెండు రకాల సామానులోనూ ఎక్కువ పేరు తెచ్చిన డిజైన్లు నాక్స్‌వే! 1900 నుంచి 1904 దాకా ఆయన తన ద్వీపంలోనే ఉండి గీసి పంపేవాడు. బర్మింగ్‌హాంలో హేస్లర్ కంపెనీ వాటిని తయారు చేసేది. ఆయన ఆ దుకాణానికి ఇచ్చిన డిజైన్లు నాలుగు వందలకు పైనే.

మరి వాటి మీద ఎవరి పేరు? లిబర్టీ పేరే. గీసినవాళ్ళ పేర్లు బయటపెట్టకపోవడం ఆ దుకాణం పద్ధతి. కొన్నవాళ్ళకి నాక్స్ ఎవరో తెలియదు.

అయితే తెలిసినవాళ్ళు కొందరున్నారు, ఆయన శిష్యులు! కింగ్‌స్టన్ కళాశాలలో ఆయన పాఠం చెప్పే తీరు పైనుంచి వచ్చిన పరీక్షకులకి నచ్చలేదు. తప్పులు పట్టారు. నాక్స్ రాజీనామా ఇచ్చేశాడు. అప్పుడు కొందరు విద్యార్థులు కూడా గురువు వెనకే కాలేజీ వదిలి వచ్చేసి, 1912లో ఆయన పేరుతోనే నాక్స్ గిల్డ్ అనే సంఘం పెట్టుకున్నారు. తరువాత కుమ్మరి కళలో పేరు తెచ్చుకున్న డెనీస్ రెన్ వాళ్ళలో ఒకామె. దుకాణం వెయ్యని పేరు విద్యార్థులు వేశారు. అధ్యాపకులు ఈ మాట గమనించాలని మనవి!

ఆ తరువాత ఆయన అమెరికా వెళ్ళి ఎక్కువ కాలం నిలవక తిరిగొచ్చాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో తన ద్వీపంలోనే, నాకలో నిర్బంధ శిబిరంలో ఖైదీల ఉత్తరాలు తనిఖీ చేసే ఉద్యోగం చేశాడు. 1917లో లిబర్టీ చనిపోతే ఆయన సమాధి రాయికి కూడా నాక్సే డిజైన్ గీశాడు. తన పేరు దాచిన యజమాని పేరుని చివరిసారి కూడా అందంగా తీర్చిదిద్దాడన్న మాట. ఆ చోట చదవడం ఆపి కాసేపు కూర్చుండిపోయాను. 1933 ఫిబ్రవరి 22న నాక్స్ కన్నుమూశాడు. పెళ్ళి చేసుకోలేదు. ఈనాడు ఆయన చేతిపని లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది, పక్కన ఆయన పేరు కూడా ఉంది.

ఇదంతా ఒక రాత్రి నాన్నకి చెప్పాను. మనం పండించిన వడ్లు కూడా మిల్లు పేరున్న సంచిలోనే కదా బజారుకి పోతాయి, తినేవాడికి మన పేరు తెలుసా అని అడిగాను. నాన్న ఏమీ అనలేదు. కాని మర్నాడు పక్కింటి మామయ్య వస్తే, గూట్లోంచి చీరల సంచి తీసి, ఈ బొమ్మ మా పెద్దాడు గీసిందే అని చూపించాడు.