మన నేల లెక్క రాసిన మనిషి: సురవరం ప్రతాపరెడ్డి

ఉద్యోగంలో చేరిన కొత్తలో, ముప్పై ఏళ్ళ కిందటి మాట. కోస్తాలో ఒక కాలువ పని మీద ఉండగా తోటి ఇంజనీరు ఒకాయన నాది ఏ ఊరని అడిగారు. ఆత్మకూరు అన్నాను. నెల్లూరు దగ్గరిదా, కర్నూలు దగ్గరిదా అన్నారు. రెండూ కాదు, పాలమూరు జిల్లాలోది అన్నాను. మట్టి పనికి మనుషులు వచ్చేది మీ వైపు నుంచే కదా, అంతకు మించి మీ దగ్గర ఏముంది అని నవ్వారు. ఆయన చెడ్డవాడు కాదు, తెలియక అన్నమాట. కానీ ఆ పూట నా నోట జవాబు రాలేదు. ఎందుకంటే నాకూ తెలియదు.

ఆ దసరాకు ఊరికి వచ్చినప్పుడు మన బడిలో తెలుగు చెప్పి రిటైరైన సారు బస్టాండు దగ్గర కనిపించారు. ఈ సంగతి చెప్పుకున్నాను. సారు ఓదార్చలేదు. ఇదే ప్రశ్న అరవై ఏళ్ళ కిందట కృష్ణ అవతలి ఒడ్డున పుట్టిన ఒకాయనకు ఎదురైందనీ, ఆయన కోపం తెచ్చుకోకుండా ఏం చేశాడో పోయి చదువుకోమనీ చెప్పి వెళ్ళిపోయారు. అలా నాకు సురవరం ప్రతాపరెడ్డి గారు పరిచయమయ్యారు. స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పుడు ఆయన జీవితమే రాయాలనిపించింది.

ప్రతాపరెడ్డి గారు 1896 మే 28న పుట్టారు. స్వగ్రామం ఇటిక్యాలపాడు, ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లాలో ఉంది. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఆ నేలను మనం నడిగడ్డ అంటాం. అప్పట్లో అది గద్వాల సంస్థానం. ఇవతలి ఒడ్డున ఆత్మకూరు రాజధానిగా అమరచింత సంస్థానం, పక్కన వనపర్తి, ఆ దిగువన కొల్లాపురం. వీటన్నిటి మీద నిజాం ప్రభువు. సంస్థానాలలో తెలుగు, సంస్కృత పండితులకు ఆదరణ ఉండేది, గద్వాలకైతే విద్వద్గద్వాల అనే పేరే ఉంది. కానీ నిజాం ప్రభుత్వ వ్యవహారమంతా ఉర్దూలో నడిచేది. పిల్లవాడు తెలుగులో పైకి చదవాలంటే దారి కష్టమే.

తుంగభద్ర దాటితే కర్నూలు, అది మద్రాసు రాష్ట్రం. ప్రతాపరెడ్డి గారి చదువు అక్కడ సాగింది. తెలుగుతోపాటు సంస్కృతం గట్టిగా నేర్చుకున్నారు. మద్రాసులో బి.ఎ. చదివి, తర్వాత న్యాయశాస్త్రం పూర్తిచేశారు. కొంతకాలం వకీలుగా పనిచేశారు. ఆ వృత్తిలోనే ఉండిపోతే సుఖంగా బతికేవారు.

అప్పుడు హైదరాబాద్ నగర కొత్వాలుగా ఉన్న రాజా బహద్దూర్ వెంకట్రామారెడ్డి గారు మన వనపర్తి ప్రాంతంవారే. పల్లెల నుంచి చదువుకు వచ్చే పిల్లల కోసం ఆయన 1918లో రెడ్డి హాస్టల్ పెట్టించారు. ప్రతాపరెడ్డి గారు 1924 నుంచి ఆ హాస్టల్‌కు కార్యదర్శిగా ఉండి, పిల్లల చదువూ క్రమశిక్షణా చూస్తూ, అక్కడి గ్రంథాలయాన్ని పెంచారు. ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలకు తెలుగు పుస్తకం చేతికందేలా చేయడం ఆయన మొదటి పని.

రెండో పని పత్రిక. 1926 మే 10న గోలకొండ పత్రిక వారానికి రెండుసార్లు వచ్చే పత్రికగా మొదలైంది. అది ఎలాంటి కాలమో ఈనాటి పిల్లలకు చెప్పాలి. 1921లో హైదరాబాద్ వివేకవర్ధని థియేటర్‌లో జరిగిన ఒక సభలో అల్లంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే ఎగతాళి చేసి మాట సాగనివ్వలేదు. ఆ అవమానం నుంచే ఆంధ్రజనసంఘం పుట్టింది. సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలి. అలాంటి చోట తెలుగు పత్రిక నడపడమంటే రోజూ కత్తి మీద నడకే. సంపాదకీయం రాయడం దగ్గర నుంచి ప్రూఫులు దిద్దడం దాకా ఆయనే చూసుకునేవారు. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభకు అధ్యక్షుడిగా ఆయననే ఎన్నుకున్నారు.

ఇక సారు చెప్పిన సంగతి. ఆ రోజుల్లో ఒక పండితుడు నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేనే లేరన్న అర్థం వచ్చేలా రాశారు. ప్రతాపరెడ్డి గారు పత్రికాధిపతి. తలచుకుంటే ఘాటైన సంపాదకీయం రాసి ఊరుకోవచ్చు. నాలుగు రోజులు వాదం నడిచేది, తర్వాత అందరూ మరిచిపోయేవారు. ఆయన ఆ దారి పట్టలేదు. తెలంగాణలో ఏ ఊళ్ళో ఏ కవి ఉన్నా వివరాలు, పద్యాలు పంపమని పత్రిక ద్వారా కోరారు. వచ్చినవన్నీ కూర్చి 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చు వేయించారు. అందులో 354 మంది కవులు తేలారు. సంస్థానాల పండితులూ, ఊళ్ళలో పిల్లలకు చదువు చెప్పుకునేవారూ, స్త్రీలూ ఉన్నారు. దాంతో వాదం ముగిసింది.

ఇంజనీరుగా నాకు ఈ పని బాగా అర్థమవుతుంది. మా శాఖలో మెజర్‌మెంట్ బుక్ అని ఒకటి ఉంటుంది. ఎంత మట్టి తవ్వినా, ఎంత కాంక్రీటు పోసినా, కొలిచి ఆ పుస్తకంలో ఎక్కించనిదే జరిగిన పనిగా లెక్కకు రాదు. మన నేలలో కవులకు ఏనాడూ కొరత లేదు, వాళ్ళను పుస్తకంలో ఎక్కించిన చేయి లేదు. ప్రతాపరెడ్డి గారు ఆ చేయి అయ్యారు.

ఆయన అక్కడితో ఆగలేదు. కవుల లెక్క అయ్యాక మామూలు జనం లెక్కకు దిగారు. 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో రాజుల యుద్ధాలకు చోటు తక్కువ. జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలు ఆడారు, ఏ సరుకు ఎక్కడ అమ్మారు, ఏ పండుగ ఎలా చేసుకున్నారు అన్నదే ఆ పుస్తకం. కావ్యాల్లో వర్ణనల కింద దాగిన వివరాలను ఒక్కొక్కటిగా ఏరి, వెయ్యేళ్ళ జీవితాన్ని నిలబెట్టారు. హిందువుల పండుగలు, రామాయణ విశేషములు కూడా ఆయన రచనలే.

1951లో ప్రజావాణి పత్రిక పెట్టారు. 1952 ఎన్నికల్లో వనపర్తి నుంచి హైదరాబాద్ శాసనసభకు ఎన్నికయ్యారు. 1953 ఆగస్టు 25న, యాభై ఏడేళ్ళకే కన్నుమూశారు. రెండేళ్ళ తర్వాత, 1955లో, కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకు మొట్టమొదటిసారి ఇచ్చిన పురస్కారం ఆంధ్రుల సాంఘిక చరిత్రకు వచ్చింది. అందుకోవడానికి ఆయన లేరు. ఈనాడు ట్యాంక్‌బండ్ మీద ఆయన విగ్రహం ఉంది, హైదరాబాద్‌లోని తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. ఒక చిన్న ఊరి మనిషికి ఇంతకన్నా గౌరవం ఏం కావాలి అనిపిస్తుంది.

కానీ ఆయనకు మనం చేయవలసిన గౌరవం మరొకటి మిగిలి ఉందని నా మనవి. అమరచింత మగ్గాల మీద జరీ అంచు నేసినవారి పేర్లు ఎవరు రాశారు? కురుమూర్తి స్వామికి ఏటేటా ఉద్దాలు కుట్టే వడ్డెమాన్ చేతుల సంగతి, జూరాల నీళ్ళ కింద పోయిన పొలాల సంగతి ఏ పుస్తకంలో ఎక్కాయి? దేశం నలుమూలలా డ్యాములకు మట్టి మోసిన మన పాలమూరు వాళ్ళ పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు.

అంత దూరం ఎందుకు? నన్ను ఆ పుస్తకాల దగ్గరికి పంపిన సారు ఇప్పుడు లేరు. ఈ వ్యాసం రాద్దామని కూర్చున్నప్పుడు ఆయన గురించి నాలుగు వాక్యాలు చేర్చాలనుకున్నాను. ఆయన పుట్టిన ఊరేదో, ఏ సంవత్సరం మన బడికి వచ్చారో, ఎక్కడ చదువుకున్నారో నాకు తెలియదని అప్పుడు తెలిసింది. నాలుగేళ్ళు ఆయన ఎదుట కూర్చున్నాను. ఒక్కసారీ అడగలేదు.

అందుకే నా తోటి పూర్వ విద్యార్థులకు ఒక చిన్న సూచన. ఒక్కో బ్యాచ్ ఒక్కో పెద్దమనిషిని ఎంచుకుందాం. గురువు కావచ్చు, నేతగాడు కావచ్చు, బడి ముందు పల్లీలు అమ్మిన అవ్వ కావచ్చు. పేరు, ఊరు, చేసిన పని, బతికిన కాలం, ఒక్క పేజీ చాలు. ఇంకా మన మధ్య ఉన్న గురువుల దగ్గర ఈ స్వర్ణోత్సవం రోజునే కూర్చుని అడుగుదాం. మీ దగ్గర ఏముంది అని రేపు మన పిల్లలను ఎవరైనా అడిగితే, వాళ్ళు నాలా నిలబడిపోకూడదు.